మూడో సాక్ష్యం

పాస్టరు జీవరత్నం అయ్యగారు మైకులో మొదటి పేరు పిలవగానే ముత్తమ్మ ఊపిరి బిగబట్టింది. పిలిచింది తనను కాదు. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వచ్చిన రైల్వే గేటు ముసలాయనది మొదటి సాక్ష్యం, జనగామ టీచరమ్మది రెండోది, మూడోది తనది, తన తరువాత యోసేపుది. ముందు భార్య చెప్పాలి, ఆ వెనక భర్త చెప్పాలి, అప్పుడే జనం మనసులో నాటుకుంటుందని అయ్యగారు పొద్దున కాగితం మీద రాసుకుంటూ అన్నారు. ముసలాయన మైకు ముందు నిలబడి గొంతు సవరించుకుంటున్నాడు. తనకూ ఆ మైకుకూ నడుమ ఇక ఇద్దరే మనుషులు. వాళ్లు ఎంతసేపు మాట్లాడితే తనకు అంత గడువు. మెల్లగ చెప్పు తాతా, అని ఆమె మనసులో బతిమాలుకుంది, నువ్వు తాగిన దినాలన్నీ ఒక్కొక్కటే చెప్పు, ఒక్కటి గుడ ఇడిసిపెట్టకు.

మానుకోట స్టేషన్ వెనక మైదానంలో వేసిన పందిరి అది. పైన తాటికమ్మలు, కింద తార్పాలిన్లు, వాటి మీద గూడూరు నుంచీ దంతాలపల్లి నుంచీ బండ్లు కట్టుకుని వచ్చిన వందల మంది. మూడు రోజుల ప్రార్థన సభల్లో ఇదే ఆఖరి రోజు. ఫిబ్రవరి ఎండ కమ్మల సందుల్లోంచి దిగి ముత్తమ్మ మెడ మీద ఒక్కచోటే పడి కాలుస్తోంది. జరుగుదామంటే వీల్లేదు, ఒడిలో బుజ్జి తల పెట్టుకుని పడుకుంది. బుజ్జి ఆమె బిడ్డ కాదు, పక్కన కూర్చున్న చాందీ బిడ్డ. తొమ్మిదేళ్లుంటాయి. ఆ తలలో బరువు లేదు, వేడి మాత్రం ఉంది. చీర మడతల్లోంచి తొడకు తగులుతున్న ఆ వేడి ముత్తమ్మకు కొత్త కాదు. పొద్దు వాలేకొద్దీ పెరిగి, ఒళ్లంతా చెమటలు పట్టించి, తెల్లారేసరికి ఏమీ ఎరగనట్టు చల్లబడే వేడి. ఏడాదిన్నర కింద యోసేపు ఒళ్లు ఇట్లాగే కాగేది. పిల్ల దగ్గింది. దగ్గు చివర ఊపిరి తీసుకునేటప్పుడు సన్నని ఈల. ముత్తమ్మ చేయి దానంతటదే పిల్ల వీపు మీదికి పోయింది.

వేదిక మీది బల్లపై యోసేపు కూర్చున్నాడు. ఇస్త్రీ చేయించిన తెల్ల అంగీ, ఒడిలో గోధుమరంగు కవరు. ఆ కవరులో రెండు ఎక్స్‌రే ఫొటోలు, ఒకటి జబ్బప్పటిది, ఒకటి మొన్న క్రిస్మస్ పోయాక తీసింది. మొదటిదాంట్లో ఎడమ వైపు ఊపిరితిత్తి నిండా పొగమంచు కమ్మినట్టు తెల్లగా ఉంటుంది. రెండోదాంట్లో ఏమీ ఉండదు. సాక్ష్యం చెప్పి రెండూ వెలుతురుకు ఎత్తి చూపిస్తానని వారం రోజులుగా అంటున్నాడు. గడ్డపార పట్టి బావులు తవ్విన చేతులు, గోళ్ల చుట్టూ ఇంకా మట్టి రంగు పోని చేతులు, ఇప్పుడా కవరును పురిటి బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాయి. ఆయన జనంలో వెతికి ఆమెను పోల్చుకుని కొంచెం నవ్వాడు. ఆమె తల ఊపింది. ఎందుకు ఊపిన, అనుకుంది వెంటనే. ఊపకుంటే ఏమనుకుంటడో అని ఊపిన. ఏడాదిన్నర నుంచి ఆయన ముందు తన తల అట్లా ఊగుతూనే ఉంది.

ముసలాయన కల్లు దుకాణం దగ్గర మొదలుపెట్టాడు. ఆమె వినలేదు, ఆమె చెవుల్లో కోళ్లు అరుస్తున్నాయి. ఆ రోజు పెంటకుప్ప మీద కోళ్లు. యోసేపు ఒక బావి పనిలో నెత్తురు కక్కితే, మంచం మీద వేసుకుని బస్సు దాకా మోసి, మానుకోట దవాఖానకు తెచ్చారు. టీబీ అన్నారు. అక్కడ గోలీలు పంచే నర్సయ్య చీటీ మీద పేరు రాసుకుని, పద్దెనిమిది నెలలు, ఒక్క దినం తప్పినా మళ్లా మొదటికొస్తది, అని చెప్పి పొట్లం చేతిలో పెట్టాడు. వారం తిరగకముందే జీవరత్నం అయ్యగారు ఊరికి వచ్చారు. మోకాళ్ల మీద కూర్చుని, ఆ కంపులోనే, ఆ నెత్తుటి గుడ్డల పక్కనే, యోసేపు నెత్తి మీద చేయి పెట్టి గంటసేపు ప్రార్థన చేశారు. ఎవరూ దగ్గరికి రాని మనిషి దగ్గరికి ఆయన వచ్చారు. ఆ మాట ముత్తమ్మ ఎప్పటికీ కాదనదు. యోసేపు వెక్కి వెక్కి ఏడ్చాడు. బిడ్డ పోయిననాడు కూడా ఏడవని మనిషి, తాగి పడుకున్న మనిషి, అట్లా ఏడుస్తుంటే ఆమెకు భయం వేసింది. మర్నాడు పొద్దున లేచి గోలీల పొట్లం తీసుకుపోయి పెంటకుప్పలో విసిరేశాడు. "మందు ముట్టితే ఆయినను నమ్మనట్టే," అన్నాడు. అయ్యగారు మందు మానమని చెప్పలేదు. వేసుకొమ్మనీ చెప్పలేదు. ఆ చెప్పని చోట యోసేపు తన మాట తానే పెట్టుకున్నాడు. ఆయన అటు పోగానే ముత్తమ్మ కోళ్లను అదిలించి గోలీలు ఏరుకుంది. రెండు దొరకలేదు, కోళ్లు మింగాయేమో. మిగిలినవి చీర చెంగుతో తుడిచి పసుపు డబ్బీలో పోసి, డబ్బీని ఎండుమిరపకాయల కుండ అడుగున పెట్టింది. మగవాళ్లెవరూ చేయి పెట్టని చోటు ఇంట్లో అదొక్కటే.

గ్లాసు అడుగుతో రాయి మీద నలిపేది. సున్నం అంత మెత్తగా అయ్యేదాకా నలిపి జొన్నరవ్వ గట్కలో కలిపేది. "ఇయ్యాల జర చేదుందే," అన్నాడు మొదట్లో ఒకసారి. జొన్నలు ముక్కినయ్, అని చెప్పింది. ఆ ఏడాది వాళ్లింట్లో జొన్నలు ఎప్పుడూ ముక్కినవే. నెలకోసారి గోలీలకు మానుకోటకు రావాలి, ఏమని చెప్పి రావాలి. మానుకోట చర్చి గుడిలో ఆడోళ్ల ప్రార్థన ఉన్నది, నెలకు ఒక శుక్రవారం, అని చెప్పింది. దవాఖాన నుంచి వస్తూ వస్తూ గుడి మెట్ల మీద కాసేపు కూర్చుని కళ్లు మూసుకునేది, అబద్ధం సగమైనా తగ్గుతుందని. మనిషిని తీసుకురా అమ్మా, చూడాలె, అని నర్సయ్య అంటే పనికి పోయిండు అనేది. నలిపేటప్పుడు కూడా పెదవులు కదులుతూనే ఉండేవి. ప్రభువా, బతికియ్యి. ప్రభువా, ఆయినకు తెల్వనియ్యకు. ఈ రెండు ప్రార్థనలూ ఒకేసారి చేయవచ్చో లేదో అడగడానికి మనిషి లేడు. మూడు నెలలకు దగ్గు తగ్గింది. ఆరు నెలలకు కండ పట్టింది. యోసేపు ఊరంతా తిరిగి, ఒక్క గోలీ ముట్టలేదు, దేవుడే బతికిచ్చిండు అని చెప్పాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఊరికి అబద్ధం చెప్పింది ఆమె, ఆయన నోటితో.

పందిరిలో నవ్వులు లేచాయి. ముసలాయన తాగి గేటు వేయడం మరిచిపోయి రైలు కింద పడబోయిన సంగతి చెబుతున్నాడు. చివరికి వచ్చేసినట్టున్నాడు. ఇంకొక్కటి చెప్పు తాతా. ఆయన చెప్పలేదు, చేతులెత్తి స్తోత్రం అన్నాడు, జనం స్తోత్రం అన్నారు, టీచరమ్మ లేచింది.

ఆరేళ్ల కింద, అరవై తొమ్మిదిలో, బస్సులు బందైనాయి. తెలంగాణ కొట్లాట అని, రోడ్ల మీద చెట్లు కొట్టి పడేశారని, మానుకోటలో కాల్పులు జరుగుతాయని ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. వాళ్ల బిడ్డ కరుణకు అప్పుడు నాలుగేళ్లు. జ్వరం పట్టి మూడు రోజులైంది, మెడ వంచితే ఏడుస్తోంది. పోదాం, నడిచైనా పోదాం, అని ముత్తమ్మ అంది. అప్పటి పాస్టరు, ఇప్పుడు లేడు, మంచి ముసలాయనే, ఇంట్లో కూర్చుని ప్రార్థన చేద్దాం, ఈ గొడవల్లో పిల్లను రోడ్డు మీదికి తీసుకుపోవద్దు అన్నాడు. ఒక దినమంతా ప్రార్థన చేశారు. రెండో దినం తెల్లవారకముందే ఆమె పిల్లను వీపున కట్టుకుని బయలుదేరింది. గూడూరు దాటేదాకా పిల్ల మూలుగు వినబడింది. ఆ తరువాత వినబడలేదు. పడుకుందనుకుని ఇంకో కోసు నడిచింది. ఆ కోసు దూరం ఆమె ఇప్పటికీ నడుస్తూనే ఉంటుంది, ఎప్పుడైనా, మిరప చేలో కాయ ఏరుతూ ఉన్నట్టుండి. మట్టి చేసి వస్తుంటే పాస్టరు ఆమె తల మీద చేయి వేసి, "విశ్వాసం చాలలేదు బిడ్డా" అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు. ఎవరి విశ్వాసమని ఆమె అడగలేదు. ఎవరూ చెప్పలేదు. ఊళ్లో అందరికీ తెలిసినట్టే ఉండిపోయింది. ఆరేళ్లుగా గుళ్లో ఆమె వెనక వరుసలో కూర్చుంటుంది.

ఇవాళ వెనక వరుస కాదు. ఇవాళ వేదిక ఎక్కాలి. ఎక్కి, నా మొగడు మందు పారేసిండు, నేను నమ్మిన, దేవుడు బతికిచ్చిండు, అని నాలుగు ముక్కలు అంటే చాలు, ఆరేళ్ల కిందటి ఆ మాట ఆమె మీది నుంచి లేచిపోతుంది. విశ్వాసం చాలని ముత్తమ్మ ఉండదు. విశ్వాసంతో మగణ్ని బతికించుకున్న ముత్తమ్మ ఉంటుంది. పిన్నమ్మలు, వదినలు, ఆ పాస్టరు భార్య, అందరూ ఇక్కడే ఉన్నారు, అదిగో ముందు వరుసలో, నూనె రాసుకున్న తలలు. ఆ ఆశ ఎంత తియ్యగా ఉందో ఆమెకు సిగ్గుగా ఉంది. శోధన అంటే కల్లు అనుకుంది, పరాయి మగవాడు అనుకుంది, పసిడి అనుకుంది. కరుణ విషయంలో నువ్వు తప్పు చేయలేదు అని నలుగురి చేత అనిపించుకోవాలనే ఆకలి కూడా శోధనేనని ఎవరూ ప్రసంగంలో చెప్పలేదు.

అయినా ఆమె దాచిపెడదామని రాలేదు. పొద్దున పందిరి వెనక, వంట పొయ్యిల పక్కన, అయ్యగారు ఒంటరిగా ఉన్నప్పుడు పోయి చెప్పింది.

"అయ్యగారూ, ఆయినకు నేను గోలీలు ఇచ్చిన. తెల్వకుంట గట్కల కలిపి. పద్దెనిమిది నెలలు."

ఆయన రాస్తున్న పెన్ను ఆపారు. కోప్పడలేదు. "యోసేపుకు తెలుసా?"

"తెల్వది."

పొయ్యి మీద డేగిసాలో అన్నం కుతకుతలాడుతోంది. ఆయన దానివైపే చూస్తూ, "చూడమ్మా, ఆ మందు కనిపెట్టే తెలివి మనిషికి ఎవరిచ్చారు? దేవుడే కదా. మరి దేవుడే బాగుచేశాడని నువ్వు చెబితే అందులో అబద్ధం ఏముంది? మాత్రలు ఇవ్వలేదని చెప్పమనడం లేదు నేను. ఇచ్చానని చెప్పొద్దంటున్నాను, అంతే. నీ భర్త విశ్వాసం ఇప్పుడిప్పుడే వేరు పట్టిన మొక్క. అది బతికిందో లేదో చూడ్డానికి పీకి చూస్తామా?" అన్నారు.

గుంటూరు వైపు మాట ఆయనది, మెత్తగా, ఒక మాటకు ఇంకో మాట అతికినట్టు ఉంటుంది. ఆమె దగ్గర ఎదురు మాట లేదు. ఆయన చెప్పింది తప్పని ఇప్పటికీ అనలేదు. మాటకు మాటగా చూస్తే నిజమే, ఎక్కడా చిల్లు లేదు. సైతాను వచ్చి చెబితే గుర్తుపట్టి ఉండేది. ఆయన సైతాను కాదు, మంచివాడు, నెత్తుటి గుడ్డల పక్కన మోకాళ్లూనిన మనిషి. అందుకే ఆ మాట లోపలికి దిగి కూర్చుంది. సరే అయ్యగారూ, అని తల ఊపి వచ్చేసింది. ఆడవాళ్ల వైపు చోటు వెతుక్కుని కూర్చుంటే పక్కన చాందీ.

చాందీది గూడూరు దగ్గరి తండా. మోచేతుల దాకా తెల్ల గాజులు, అద్దాల రవిక. దవాఖాన దగ్గర రెండు మూడుసార్లు కనబడిన మనిషే, అప్పుడు ముత్తమ్మ ముఖం తిప్పుకుని స్తంభం చాటుకు పోయింది. బుజ్జికి అదే జబ్బు. ఒళ్లో పడుకోబెట్టుకో అక్కా, నా కాళ్లు తిమ్మిరెక్కినయ్, అని పిల్లను ఇచ్చి, మాట్లాడుతూ మాట్లాడుతూ చెప్పింది.

"పన్నెండు దినాలైంది, గోలీలు ఏస్తలేను. నీ మొగడు మా తండాకొచ్చి కూసుండి చెప్పిండు గద, నేను పారేసిన, దేవుడు బతికిచ్చిండని. రాంజీ గప్పటిసంది బందు పెట్టుమంటుండు." రాంజీ ఆమె భర్త, మగవాళ్ల వైపు, నడుమ కట్టిన తాడు పక్కనే కూర్చున్నాడు, ఎర్ర రుమాలు. చాందీ ఓణీ కొస ముడి విప్పి చూపించింది. తెల్లటి గోలీలు, నెలవి, ఒకదాని మీద ఒకటి. "గివి గా సిలువ కాడ పెట్టి మొక్కుదమన్నడు. నేనే ఆగుమన్న. మొగోళ్లు ఏమన్న చెప్తరు. వండి పెట్టినదానివి నువ్వు. నీ నోట ఇన్నంక పెడత."

ముత్తమ్మ పిల్ల నుదుటి చెమట తుడిచింది. "ప్రార్థన చేసుకుంటనే గోలీలు గుడ ఎయ్యరాదు చాందీ. దేవుడేం వద్దనడు," అంది.

చాందీ ఆమె ముఖంలోకి చూసింది. "నువ్వు ఏసినవా?"

అప్పుడు చెప్పి ఉంటే అయిపోయేది. ఏసిన, అనే ఒక్క మాట. తాడు అవతల రాంజీ ఇటే చూస్తున్నాడు, వేదిక మీద యోసేపు కవరు సవరించుకుంటున్నాడు, అయ్యగారి మాట లోపల మెత్తగా కూర్చుని ఉంది, మీ ఇంటి సంగతి మీ ఇంట్లో ఉండనివ్వు అన్నట్టుగా. ముత్తమ్మ ఏమీ అనలేదు. చాందీ ముడి మళ్లీ వేసుకుంటూ, "లేదు గద," అంది తనకు తానే.

అయ్యగారూ, ఇది మా ఇంటి సంగతి కాదు. పొద్దున దొరకని ఎదురు మాట ఇప్పుడు దొరికింది, కానీ ఆయన వేదిక మీద ఉన్నారు. నేను చెప్పకుండ ఊకున్నది మా ఇంట్ల ఆగలేదు. అది తండాకు పోయింది, ఈమె కొంగున ముడైంది, ఈ పిల్ల రొమ్ముల ఈల ఏస్తున్నది.

టీచరమ్మ చదువుకున్న మనిషి, టకటకా చెప్పేస్తోంది. ఆమె గొంతు సగంలో ఉండగా విజయవాడ వైపు పోయే గూడ్సు వచ్చింది. పందిరి గుంజలు అదిరాయి, మైకులో మాట మునిగిపోయింది. టీచరమ్మ ఆగి నిలబడింది. డబ్బా వెనక డబ్బా, డబ్బా వెనక డబ్బా. ముత్తమ్మ ఆ గూడ్సు తెగిపోకూడదని కోరుకుంది. చెబితే ఏమవుతుంది. యోసేపు మళ్లీ తాగుతాడు. అది మొదటిది. నెత్తి మీద చేయి పడిన నాటి నుంచి ఆయన కల్లు ముట్టలేదు, ఆమె మీద చేయి లేపలేదు. ఆ చేయి ఎంత బరువుండేదో ఆమె ఎడమ చెవికి తెలుసు, ఇప్పటికీ ఆ వైపు సగమే వినబడుతుంది. దేవుడు నా కోసం ఒక పని చేసిండు, అనుకునేదాకా యోసేపుకు తన మీద తనకు లెక్క లేదు. బావిలో దిగే మనిషి, మట్టి ఎత్తే మనిషి, అంతే. దేవుడు తనను పేరు పెట్టి పిలిచాడనుకున్నాక అక్షరాలు నేర్చుకున్నాడు, అంగీకి ఇస్త్రీ చేయించుకున్నాడు, ఆమెను ముత్తూ అని పిలిచాడు. అదంతా గట్కలో కలిపిన పొడి మీద నిలబడి ఉంది. పొడి సంగతి చెప్పడమంటే ఆ మనిషిని కింది నుంచి తవ్వడమే. అట్లయితే ఆయినను బతికిచ్చింది ఎందుకు, అని ఒక బుద్ధి అడిగింది. ఇంకో బుద్ధి అడిగింది, దేవుడు అంత పెద్దోడైతే నీ అబద్ధం లేకుంటే పడిపోతడా. నువ్వు పట్టుకుంటేనే నిలబడే దేవునికి నువ్వెందుకు మొక్కుతున్నవ్. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు తెలియదు. ప్రార్థనలో వచ్చినట్టు రాలేదు. కసురుకున్నట్టు వచ్చింది.

గూడ్సు పోయింది. టీచరమ్మ రెండు మాటల్లో ముగించింది. బుజ్జి కళ్లు తెరిచి, "పెద్దమ్మా, నువ్వు మాట్లాడినంక ఇంటికి పోతమా?" అని అడిగింది. పెదవులు ఎండి పొట్టు లేచి ఉన్నాయి.

"పోతరు బిడ్డా."

అయ్యగారు పేరు పిలిచారు. సహోదరి ముత్తమ్మ. ఆమె పిల్ల తలను చాందీ ఒడిలోకి మార్చి లేచింది. కాళ్లు తిమ్మిరెక్కి మొదటి అడుగు ఎటో పడింది. ముందు వరుస పక్క నుంచి పోతుంటే ఎవరో ఆమె చేయి పట్టుకుని నొక్కారు, చూస్తే పాత పాస్టరు భార్య, కళ్లలో నీళ్లు. ఆ చేయి వదిలించుకోవడం మెట్లు ఎక్కడం కంటే కష్టమైంది. వేదిక ఎక్కింది. మైకు ఆమె ఎత్తుకు లేదు, అయ్యగారే వంచి ఇచ్చారు. ఆయన కళ్లు ఆమె కళ్లలోకి చూసి, భయపడకమ్మా, అన్నాయి. పక్కన బల్ల మీద యోసేపు, కవరు మూత అప్పుడే తీసిపెట్టుకున్నాడు.

"నా పేరు ముత్తమ్మ," అంది. తన గొంతు తనకే నాలుగు దిక్కుల నుంచి వినబడి ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది. "నా మొగనికి టీబీ ఒచ్చింది. దవాఖానల గోలీలిచ్చిన్రు. ఆయిన పారేసిండు. నేను ఏరుకొచ్చి, నలిపి, గట్కల కలిపి పెట్టిన. పద్దెనిమిది నెలలు, ఒక్క దినం తప్పలే. ఆయినకు తెల్వది. ప్రార్థన గుడ చేసిన, రెండూ చేసిన. దేవుడే బతికిచ్చిండు అంట. గోలీలు లేకుంట బతికిచ్చిండని మాత్రం అనను, నేను గట్ల సూడలే. చూసిందే చెప్పాలె గద సాక్ష్యమంటే." ఆడవాళ్ల వైపు వెతికింది, తెల్ల గాజులు కనబడ్డాయి. "చాందీ, నువ్వు అడిగినవ్. నేను ఏసిన."

పందిరిలో ఎక్కడో ఒక పసిపిల్ల ఏడ్చింది. ఆ తరువాత గుసగుస మొదలైంది, వెనక నుంచి ముందుకు వచ్చింది. అయ్యగారు ముందుకు వచ్చి మైకు మీద చేయి పెట్టారు, చేయి అట్లాగే ఉంది. తాడు అవతల రాంజీ లేచి నిలబడ్డాడు.

"యోసేపన్నా," అన్నాడు, "నువ్వు చెప్పు. మా ఇంటికొచ్చి చెప్పింది నువ్వు. ఆమె మాట కాదు, నీ మాట చెప్పు."

ముత్తమ్మ పక్కకు చూడలేదు. బల్ల కిర్రుమంది. తెల్ల అంగీ ఆమెను దాటి మైకు ముందుకు పోయింది. ఆ వీపు చూస్తూ ఆమె చెంప గట్టిపరుచుకుంది, ఇంతమందిలో కొట్టడని తెలిసినా. యోసేపు ఊపిరి మైకులో గరగరమని వినబడింది, పందిరంతా ఆ ఊపిరి విన్నది.

"ఏడాదిన్నర నాతోని అబద్ధమాడింది," అన్నాడు చివరికి. "ఇయ్యాల నిజం చెప్పింది. ఆమె మొఖం నాకెర్క." తాడు వైపు తిరిగాడు. "రాంజీ, బిడ్డకు గోలీలు ఎయ్యి. ఇప్పుడే ఎయ్యి."

స్తోత్రం అనలేదు. ఫొటోలు తీయలేదు. కవరు అట్లాగే పట్టుకుని మెట్లు దిగి, జనం దారి ఇస్తుంటే, ఎవరినీ చూడకుండా పందిరి బయటికి పోయాడు. ముత్తమ్మ దిగేసరికి చాందీ ముడి విప్పుతోంది, చెంబుతో నీళ్లు ఎవరో అందిస్తున్నారు. చాందీ తల ఎత్తి ముత్తమ్మను చూసింది. ఆ చూపులో కృతజ్ఞత లేదు. పొద్దున అడిగితే ఎందుకు చెప్పలేదన్న కోపం ఉంది, పన్నెండు దినాల కోపం. ఆ కోపం తనకు రావలసిందే. పాస్టరు భార్య ముఖం తిప్పుకుంది. ముత్తమ్మ ఆగకుండా ఎండలోకి నడిచింది.

యోసేపు బస్సులు ఆగే చోట వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు. ఆమె నాలుగడుగుల దూరంలో ఆగింది. దగ్గరికి పోవడానికి ధైర్యం చాలలేదు, వెనక్కి పోవడానికి మనసు రాలేదు. రోడ్డుకు అవతలే కల్లు దుకాణం ఉంది, మనుషులు వస్తూ పోతూ ఉన్నారు. ఆయన అటు చూస్తున్నాడో ఇటు చూస్తున్నాడో వెనక నుంచి తెలియడం లేదు.

"ఏడు తండాలు," అన్నాడు, తిరగకుండానే.

ఆమెకు అర్థం కాలేదు.

"ఏడు తండాలు తిరిగి చెప్పిన. రెండు పల్లెలు. మందు పారేసిన, మీరు గుడ నమ్మున్రి అని చెప్పిన. రాంజీ ఒక్కడు ఇయ్యాల ఇక్కడికొచ్చిండు. రానోళ్లు ఎందరున్నరో." తుపుక్కున ఉమ్మి, చెప్పుతో మట్టి కప్పాడు. "గూడూరు బస్సు ఎప్పుడు?"

"ఒచ్చే యాళ్లయింది. నేను గుడ ఒస్త."

"నువ్వు రాకు." కోపంగా అనలేదు. దగ్గరితనంతో కూడా అనలేదు. "నిన్ను చూసుకుంట చెప్పలేను. నేనే చెప్పిన, నేనే పోయి మళ్ల చెప్పాలె," అన్నాడు. ఆమె ఇంకేదో అడగబోయింది. దేవుని సంగతి, ఇంకా నమ్ముతావా అని. అడగలేదు. పందిరిలో పాట ఎత్తుకున్నారు. మొదట పది గొంతులే, బెరుకుగా, తరువాత మిగతా వాళ్లు కలిశారు.

బస్సు వచ్చింది. దుమ్ము, తోపులాట, మిరప బస్తాలు. యోసేపు ఎక్కాడు. కవరు నలగకుండా చంకలో పెట్టుకుని, రాడ్డు పట్టుకుని నిలబడ్డాడు. కిటికీలోంచి ఆయన భుజం, సగం చెంప కనబడ్డాయి. ఆ చెంప ఇటు తిరగలేదు. బస్సు మలుపు తిరిగి కనబడకుండా పోయాక, దుమ్ము ఇంకా పూర్తిగా అణగకముందే, పొద్దున సాక్ష్యం తొందరలో ఆయన ఏమీ తినకుండా బయలుదేరాడని ముత్తమ్మకు గుర్తొచ్చింది.